గుమ్మడి పాదుల డైరీ: పురుగు సగం బతుకు మట్టిలోనే

మొదలు

ఈసారి మూడు రకాలు పెట్టాను: నేల మీద బారే మామూలు గుమ్మడి, పందిరి ఎక్కించే బూడిద గుమ్మడి, పొదలా కుదురుగా ఉండే జుకీనీ. మూడూ ఒకే మడిలో, పక్కపక్కన. ఏ పురుగు దేన్ని ముందు పట్టుకుంటుందో, దేని జోలికి పోదో చూడాలని అలా పెట్టాను. కాయలెన్ని వచ్చాయన్నది చివర్లో ఎలాగూ తెలుస్తుంది. ఏ పురుగు ఎప్పుడు దిగింది, ఎక్కడ దాక్కుంది, దేనికి లొంగింది అన్నది మాత్రం అప్పటికప్పుడు రాసుకుంటేనే వచ్చే సీజనుకు పనికొస్తుంది.

ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. పురుగు ఏదో తేలేదాకా మందు సీసా మూత తీయకూడదు, అది వేప నూనె అయినా సరే. ఆకుకు బెజ్జం కనిపించగానే ఏదో ఒకటి కొట్టేయడం చాలామందికి అలవాటు. గుమ్మడి జాతిలో ఆ తొందర అక్కరకు రాదు. ఈ పాదుల్ని ఎక్కువగా ఏడిపించేవి రెండు: ఎర్ర పెంకు పురుగు, పండు ఈగ. రెండూ సగం బతుకు మట్టిలోనే గడుపుతాయి. పైన ఎంత కొట్టినా కిందున్నవాటికి చీమ కుట్టినట్టైనా ఉండదు.

అందుకని పని మట్టితోనే మొదలైంది. ఈమధ్యే తీసేసిన దోస పాదు చోటు వదిలేసి కొత్త మడి తీసుకున్నాను. పాత చోటునీ ఊరికే వదల్లేదు. ఎండిన తీగలు, రాలిన ఆకులు, కుళ్లిన కాయలు ఏరేసి, జానెడు లోతు తవ్వి, మట్టిని తిరగేసి ఎండకు వదిలాను. తవ్వుతుంటే బియ్యపు గింజంత గోధుమ రంగు గుళికలు బయటపడ్డాయి. పండు ఈగ ప్యూపాలు అవి, అంటే పురుగు ఈగగా మారే దశలోని గుళికలు. పైకి తేలినవాటి సంగతి పిట్టలూ చీమలూ చూసుకుంటాయి, మిగిలినవి ఎండకు మాడిపోతాయి. చోటు మార్చినంత మాత్రాన ఈగ రాకుండా పోదు, దానికి రెక్కలున్నాయి. కనీసం మన మట్టిలోనే పుట్టి మన పాదు మీదే వాలేవైనా తగ్గుతాయి.

కొత్త గుంటల్లో మాగిన ఎరువుతో పాటు గుప్పెడు వేప పిండి కలిపాను. పచ్చి పేడ మాత్రం దగ్గరికి రానివ్వలేదు. అది వేసిన చోట వేరు పురుగులకు పండగే.

మొలకలు

మొలకాకులు రెండూ విచ్చుకున్నాయో లేదో, ఎర్ర పెంకు పురుగు దిగిపోయింది. పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, వీపు నిగనిగలాడే నారింజ ఎరుపు, పొట్ట వైపు నలుపు. గుమ్మడి, దోస, సొర, బీర, ఏది కనపడినా వాలిపోయే రకం. ఈ కుటుంబం మొక్కల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. మిగతా పురుగుల్ని దూరం పెట్టడానికి మొక్క తయారుచేసుకున్న ఆ చేదే ఈ పురుగును మాత్రం రారమ్మని పిలుస్తుంది.

తెల్లారి, ఇంకా ఎండ పడకముందు, భూతద్దం పట్టుకుని ఒకదాన్ని తినే తీరు చూశాను. కాస్త పెద్దాకు మీద వాలితే వెంటనే తినదు. ఉన్నచోటే నిలబడి ఒళ్లు తిప్పుకుంటూ, తన చుట్టూ గుండ్రంగా ఆకు మీద గీత కోస్తుంది. గీత పూర్తయ్యాక ఆ చక్రం లోపలి భాగాన్ని తీరిగ్గా తింటుంది. కోసిన గీత వల్ల బయటి నుంచి పసరు లోపలికి రాదు, పురుగు నోటికి జిగురూ పట్టదు. ఆకుల మీద నాణెంతో అచ్చు వేసినట్టు గుండ్రటి బెజ్జాలు కనిపిస్తే చేసిందెవరో వేరే చెప్పక్కర్లేదు. మొలకాకుల దగ్గర మాత్రం ఈ మర్యాదలేవీ ఉండవు, మొత్తం నమిలేస్తుంది.

ఈ దశలోనే అసలు ప్రమాదం. మొక్క నాలుగైదు అసలు ఆకులు వేశాక పది పురుగులు వాలినా తట్టుకుంటుంది. రెండాకుల మీద రెండు పురుగులు వాలితే అంతే సంగతులు. కాబట్టి కష్టమంతా ఈ కొద్ది రోజుల్లోనే పడాలి.

చేసినవి మూడు. మొదటిది చేత్తో ఏరడం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇవి మత్తుగా ఉంటాయి. సబ్బు నీళ్ల మగ్గు ఆకు కింద పట్టి ఆకును చిన్నగా తడితే టపటపా రాలి అందులో పడతాయి. ఎండ ముదిరాక ఇదే పని చేయబోతే మగ్గు మన చేతిలోనే ఉంటుంది, పురుగు పక్క పాదు మీదుంటుంది.

రెండోది బూడిద. పొయ్యి బూడిద జల్లించి సిద్ధం చేస్తుంటే అమ్మ చూసి, “మంచు తడి ఆరకముందే చల్లు నాన్నా, ఎండెక్కాక చల్లితే ఆకుకు అంటదు, గాలికి పోతుంది” అంది. నిజంగానే తడి ఆకుకు పల్చగా పట్టి ఉంది, ఆ పూటకు పురుగు పెద్దగా వాలలేదు. కానీ పైనుంచి నీళ్లు పోసినా, చిన్న జల్లు పడినా మళ్లీ మొదటికొస్తుంది. రోజూ చల్లుతూ పోతే మట్టిలో క్షారం పెరుగుతుంది. బూడిద అత్యవసరానికి మంచిదే, దాని మీదే ఆధారపడితే మాత్రం పాదు నిలబడదు.

మూడోది వల. నా లెక్కలో అసలు పని చేసింది ఇదే. వంచిన ఇనుప తీగల మీద సన్న కన్నుల దోమతెర కప్పి, అంచుల్ని చుట్టూ మట్టిలో పూడ్చేశాను. రాయి పెట్టి వదిలేస్తే చాలదు, ఆ సందులోంచి దూరతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత పాదు చోటే మళ్లీ విత్తి వల కప్పితే, మట్టిలోంచి లేచే పెంకు పురుగులు వల లోపలే లేస్తాయి. బయటి పిట్టలకు కూడా అందకుండా హాయిగా తింటాయి. వల, కొత్త మడి, రెండూ కలిస్తేనే ఫలితం.

ఒక జుకీనీ మొక్కకు వల వేయకుండా వదిలాను, పోల్చి చూడ్డానికి. ఆకులకు బెజ్జాలు పడ్డా మొక్క లేచింది. ఆ తర్వాత ఒక పొద్దున, మట్టిలో తడి ఉండగానే వాడి తలవాల్చింది. మొక్క మొదలు దగ్గర తవ్వి చూస్తే వేరు మెడ దగ్గర తెల్లటి పురుగు, తల మాత్రం గోధుమ రంగు, సగం కాండంలోకి దూరి ఉంది. ఇది పెంకు పురుగు పిల్ల. తల్లి పురుగు మొదలు చుట్టూ ఉన్న తడి మట్టిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు వేళ్లను తొలుస్తాయి, ప్యూపా దశ కూడా మట్టిలోనే గడుస్తుంది. ఆకు మీద మనకు కనపడేది దాని కథలో ఆఖరి అంకం.

అప్పటినుంచి నీళ్లు పోసే తీరు మార్చాను. మొదలు దగ్గర కాకుండా, మూరెడు దూరంలో చుట్టూ కాలవ తీసి అందులో పోస్తున్నాను. మొదలు చుట్టూ పైమట్టి పొడిగా ఉంటే గుడ్లు పెట్టడానికి అనువుగా ఉండదు. మొదలు కుళ్లు బెడదా తగ్గుతుంది. గుమ్మడి వేళ్లు ఎలాగూ దూరం పోతాయి, నీటిని అవే వెతుక్కుంటాయి.

తీగ సాగుతోంది

ఈ దశలో పెద్దగా రాయాల్సింది లేదు, కంగారు పడకూడనివి మాత్రం కొన్ని ఉన్నాయి.

గుమ్మడి, జుకీనీ ఆకుల మీద ఈనెలు చీలే మూలల్లో వెండి రంగు మచ్చలు వచ్చాయి. ఇది తెగులు కాదు, ఆ రకాల పుట్టు లక్షణం. వేలితో రుద్దితే పొడి రాదు, ప్రతి ఆకులోనూ ఒకే తీరుగా ఉంటుంది. బూడిద తెగులైతే వేలికి తెల్ల పొడి అంటుకుంటుంది. ఆకు మొత్తం, ఈనెలతో సహా, వెండి పూత పూసినట్టు తేలిపోతుంటే మాత్రం తిరగేసి చూడాలి. తెల్లదోమ పిల్లలు రసం పీల్చినప్పుడు కూడా ఆకు అలా మారుతుంది.

ఆకుల మీద తెల్లటి వంకర గీతలు పాము పొడ పురుగు పని. ఆ గీత చివర్న, ఆకు పొరల మధ్య, చిన్న పిల్ల పురుగు ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే కనిపిస్తుంది, గోటితో అక్కడే నొక్కేయొచ్చు. రెండు మూడు ముదురు ఆకులు తెంపేశాను, అంతటితో సరిపోయింది.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పెద్దాకులు గొడుగు మూసినట్టు వేలాడతాయి. సాయంత్రానికి లేస్తే దాని గురించి ఆలోచించక్కర్లేదు. తెల్లారి కూడా వాడే ఉంటే మొదలు చూడాలి. ఉత్తర అమెరికాలో గుమ్మడి పెంచేవాళ్లకు ఇలా వాడిందంటే ముందు అనుమానం కాండం తొలిచే పురుగు మీదే. కందిరీగలా కనిపించే ఒక చిమ్మట మొక్క మొదలు దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్ల కాండంలోకి దూరి రంపపు పొట్టులాంటి పెంట బయటికి నెడుతుంది. కాండం నిలువునా చీల్చి పురుగును తీసేసి, గాయం మీద తడి మట్టి కప్పితే ఆ కణుపు దగ్గర కొత్త వేళ్లు వేసి తీగ బతకొచ్చు. అక్కడ కూడా జుకీనీ త్వరగా లొంగుతుంది, గట్టి కాండం ఉన్న తీగ గుమ్మళ్లు బాగానే నిలబడతాయి.

గుమ్మడి ఆకుల్ని సాలెగూడులాంటి దారంతో దగ్గరికి లాగి, లోపల కూర్చుని పచ్చదనం గీరి తినే గొంగళి పురుగులు కూడా కనిపించాయి. లేత పచ్చ ఒళ్లు, వీపు మీద పొడుగునా రెండు తెల్ల గీతలు. దీని చిమ్మట చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది: మధ్యలో తెల్లగా మెరిసే రెక్కలు, చుట్టూ నల్లంచు, తోక చివర కుచ్చు. వాలినప్పుడు ఆ కుచ్చును ఆడిస్తూ కూర్చుంటుంది. ముడుచుకున్న ఆకుల్ని విప్పి పురుగుల్ని ఏరేశాను. మరీ ఎక్కువైతే బీటీ పొడి, అదే బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా పొడి, నీళ్లలో కలిపి సాయంత్రం కొట్టొచ్చు. అది తిన్న గొంగళి మేత మానేసి చస్తుంది, తేనెటీగకు హాని ఉండదు. పెంకు పురుగుల మీదా ఈగల మీదా ఈ రకం పనిచేయదు కాబట్టి అన్నిటికీ ఇదే కొడితే వృథా.

పేనుబంక, చీమలు, ఒక జుకీనీ

చీమల బారు జుకీనీ కాడ వెంట పైకి పోతుంటే ఆకు తిరగేశాను. కింద పేనుబంక కిక్కిరిసి ఉంది. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. ఆ జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్ల మసి పడుతుంది.

భూతద్దంలో ఇంకో సంగతి తెలిసింది. గుంపులో కొన్ని పేన్లు కదలకుండా, ఉబ్బి, గోధుమ రంగులో తోలు బుడగల్లా ఉన్నాయి. కొన్నిటికి వెనక గుండ్రటి కన్నం. పేను ఒంట్లో గుడ్డు పెట్టే అతిచిన్న కందిరీగ చేసిన పని అది. లోపల పెరిగిన పిల్ల ఆ కన్నంలోంచే బయటికి పోయింది. ఇవి కనిపించాయంటే మన పని సగం ఎవరో చేస్తున్నారని అర్థం. అప్పుడు మందు కొడితే ముందు పోయేది వాళ్లే.

అందుకని నీళ్ల గొట్టంతో ఆకుల అడుగున గట్టిగా కొట్టి కడిగాను. కింద పడ్డ పేను మళ్లీ పైకి ఎక్కలేదు, చాలావరకు. మొండి గుంపుల మీద మాత్రం సాయంత్రం వేప నూనె: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, ముందు కొద్దిగా సబ్బుతో బాగా కలిపి, ఆ తర్వాత నీళ్లు. సబ్బు లేకపోతే నూనె పైకి తేలి, ఒక చోట నీళ్లూ ఇంకో చోట చిక్కటి నూనె పడి ఆకు మాడుతుంది. ఈ జాతి ఆకులు సుకుమారం. ఏది కొట్టినా ముందు ఒక ఆకు మీద కొట్టి, మర్నాడు చూసి, అప్పుడు మిగతా పాదు. గంధకం పొడి జోలికి అసలు పోను, గుమ్మడి దోస జాతుల్లో చాలావాటికి అది పడదు.

వల వేయని ఆ జుకీనీకి పక్కనున్న ఇంకో జుకీనీ మొక్క కొత్తాకులు ముడతలు పడి, పసుపు పచ్చ కలగలిసిన మచ్చలతో వచ్చాయి. మొజాయిక్ వైరస్. పేనుబంక ఒక రోగిష్టి మొక్క మీద నోరు పెట్టి ఇంకో మొక్క మీద గుచ్చితే చాలు, కొద్ది క్షణాల్లోనే అంటుకుంటుంది. పురుగు మందు ఎంత ఘాటుదైనా పేను చచ్చేలోపే ఆ పని అయిపోతుంది. వచ్చిన వైరస్‌కు మందు లేదు. మొక్కను పీకి దూరంగా పారేసి, చేతులూ కత్తెరా కడుక్కున్నాకే మిగతా పాదుల్ని తాకాను. మిగిలిన మొక్కల చుట్టూ నేల మీద వెండి రంగు షీటు పరిచాను. కిందనుంచి ఆకాశపు వెలుగు తళుక్కుమంటే రెక్కల పేనుబంకకు ఎక్కడ వాలాలో దిక్కు తెలియదు. తీగ కమ్మేదాకానే దీని ప్రతాపం, ఆ తర్వాత ఆకులే షీటును మూసేస్తాయి.

పూత

మొదట విచ్చుకున్నవన్నీ మగ పూలు. ఆడ పువ్వు మొగ్గ కింద చిట్టి పిందెతో కనపడగానే వల తీసేశాను. తేనెటీగ లోపలికి రాకపోతే పురుగు లేని పాదు ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. పూలు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. ఇక్కణ్ణుంచి ఏం కొట్టినా సాయంత్రమే, పూల మీద పడకుండా.

పిందెలు కొన్ని పసుపు పచ్చగా మారి రాలాయి. చూడగానే “పండు ఈగ” అనిపించే దృశ్యం ఇది, అయితే సగం సార్లు ఈగకు సంబంధమే ఉండదు. రాలిన ప్రతి పిందెనూ నిలువుగా కోసి చూశాను. లోపల శుభ్రంగా ఉండి, పువ్వు వైపు నుంచి ముడుచుకుపోయి ఉంటే అది పుప్పొడి అందని పిందె. లోపల గోధుమ రంగు సొరంగాలు, తెల్ల పురుగులు ఉంటే ఈగ. మొదట రాలినవన్నీ పుప్పొడి అందనివే. తెల్లారి మగ పువ్వు తెంపి, రెక్కలు వలిచేసి, ఆడ పువ్వు మధ్యలో రుద్దడం మొదలుపెట్టాక ఆ రాలడం ఆగింది. ఈ రెండింటికీ తేడా చూడకుండా ఎర బుట్టలు వేలాడదీసి, మందులు కొట్టి, “ఏం చేసినా పిందె నిలవడం లేదు” అని వాపోయేవాళ్లు ఎంతమందో.

పండు ఈగ

రాలిన పిందెల్లో పురుగు కనపడే రోజు కూడా వచ్చింది. ముందు జుకీనీలో, తర్వాత బూడిద గుమ్మడిలో.

ఈ ఈగ పాత శాస్త్రీయ నామం బ్యాక్ట్రోసెరా కుకుర్బిటే, ఇప్పుడు జూగోడాకస్ కుకుర్బిటే అంటున్నారు. మామూలు ఈగంత ఉంటుంది, చూపుకు చిన్న కందిరీగలా ఉంటుంది: ఎర్రటి పసుపు ఒళ్లు, వీపు మీద పసుపు చారలు, పారదర్శకమైన రెక్కలకు గోధుమ రంగు పట్టీలు. ఒక సాయంత్రం బూడిద గుమ్మడి పిందె మీద ఒకటి వాలింది. కాసేపు అటూ ఇటూ నడిచి, ఒక చోట ఆగి, పొట్ట చివర ముల్లును కిందికి వంచి చర్మంలోకి దించింది. అది లేచిపోయాక చూస్తే సూది మొనంత గుర్తు. మర్నాటికి అక్కడ పారదర్శకమైన బంక బొట్టు గట్టిపడి ఉంది. పిందె మీద అలాంటి బొట్టు ఉందంటే లోపల గుడ్లు పడ్డాయనే. దాని తర్వాత పైన ఏం పూసినా ప్రయోజనం లేదు.

లోపల ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని, గుచ్చిన జుకీనీ కాయనొకదాన్ని వెడల్పాటి సీసాలో తడి ఇసుక మీద పెట్టి, మూతికి గుడ్డ కట్టాను. వేడి వాతావరణంలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది, పురుగు సుమారు వారం పాటు కండ తింటుంది. కాయ మెత్తబడి, నీరు కారి, వాసన మొదలైంది. అప్పుడు పురుగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒళ్లు విల్లులా వంచి, నోటితో తోక పట్టుకుని, ఒక్కసారి వదిలి గాల్లోకి ఎగిరి పడుతున్నాయి. కాళ్లు లేని పురుగు అలా గెంతడం చూస్తే నమ్మబుద్ధి కాదు. పడ్డ చోటు నుంచి క్షణాల్లో ఇసుకలోకి దూరాయి. తర్వాత ఇసుక జల్లిస్తే, మడి తవ్వినప్పుడు కనిపించిన అవే గోధుమ గుళికలు. దాదాపు పది రోజుల్లో అందులోంచి ఈగలు వస్తాయి. గుడ్డ కింద అవి చక్కర్లు కొట్టడం చూశాక సీసాలో సబ్బు నీళ్లు పోసేశాను.

ఈ సీసా చూశాకే రాలిన కాయల విషయంలో పట్టుదల పెరిగింది. కుళ్లిన పిందె పాదు కిందే వదిలేస్తే ఇంకో తరం ఈగల్ని మనమే పెంచినట్టు. కంపోస్టు కుప్పలో వేసినా అంతే, అక్కడ వాటికి మట్టి ఇంకా మెత్తగా దొరుకుతుంది. ఇప్పుడు రాలినవీ, బంక బొట్టు ఉన్నవీ రోజూ ఏరి, దళసరి ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా మూతి కట్టి ఎండలో పడేస్తున్నాను. లోపలి వేడికి పురుగులన్నీ చస్తాయి, ఆ తర్వాత లోతుగా పాతేయొచ్చు. పందిరి కింద వారానికోసారి పైమట్టిని గెలుకుతున్నాను, ప్యూపాలు బయటపడేలా. వేళ్లు తెగకుండా పైపైన మాత్రమే.

ఎర బుట్టల గురించి ఒక మాట. గుమ్మడి జాతి మీద వాలే ఈ ఈగకు క్యూ లూర్ అనే వాసన ఎర పెట్టాలి. మామిడి తోటల్లో పెట్టే మిథైల్ యూజినాల్‌కు ఇది రాదు. బుట్ట ఖాళీగా ఉందంటే ఈగలు లేవని కాదు, ఎర తప్పు కావచ్చు. పైగా క్యూ లూర్‌కు వచ్చేవి మగవే. గుడ్లు పెట్టేవి రావు. మిగిలిన కొద్ది మగవి చాలా ఆడవాటితో జతకట్టగలవు కాబట్టి ఒక్క ఇంటి పెరట్లో ఒక్క బుట్ట పెట్టి కాయలు దక్కించుకోవాలనుకుంటే అయ్యే పని కాదు. నేను దాన్ని లెక్క చూసుకోవడానికి వాడుతున్నాను. బుట్టలో ఈగలు ఒక్కసారిగా పెరిగితే పిందెలకు సంచులు కట్టే పని తొందరగా ముగించాలని అర్థం. ఈగను ఒక ప్రాంతం మొత్తంలో లేకుండా చేయడం అసాధ్యమేమీ కాదు. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో వికిరణంతో సంతానం కలగకుండా చేసిన ఈగల్ని ఏళ్ల తరబడి వదిలి, 1993 నాటికి దీన్ని పూర్తిగా తుడిచిపెట్టారు. ఫ్యాక్టరీలో ఈగల్ని పెంచి, చుట్టూ సముద్రం ఉన్న దీవుల మీద వదిలి చేసిన పని అది. మన పెరటికి చుట్టూ పక్కింటి పెరళ్లే ఉంటాయి.

పెరట్లో దక్కిన ఫలితం మటుకు సంచిది. పువ్వు వాడి, పిందె కట్టిందని తెలియగానే పల్చటి గుడ్డ సంచి తొడిగి, తొడిమ దగ్గర దారంతో వదులుగా కట్టాను. ఆలస్యం చేస్తే ఈగ ముందే గుచ్చేస్తుంది, అప్పుడు సంచి లోపలే పురుగును భద్రంగా పెంచినట్టవుతుంది. పాలిథీన్ సంచి వద్దు, లోపల చెమ్మ పట్టి పిందె కుళ్లుతుంది. సంచి పిందెకు బిగుతుగా అంటుకుని ఉన్నా లాభం లేదు, గుడ్డ మీదుగానే ముల్లు దించగలదు. పిందె పెరిగే కొద్దీ పెద్ద సంచికి మార్చాను. గుమ్మడి తోలు గోరు దిగనంత గట్టిపడ్డాక తీసేయొచ్చు, ఆ తర్వాత పగులో గాయమో ఉంటే తప్ప ఈగ గుచ్చలేదు. జుకీనీని లేతగానే కోస్తాం కాబట్టి అసలు గట్టిపడే రోజే రాదు, కోసేదాకా సంచిలోనే.

ఇంకో సంగతి గమనించాను. ఈ ఈగ పాదు మీద కాపురం ఉండదు. గుడ్లు పెట్టే పని చూసుకుని, పక్కనున్న ఎత్తు మొక్కల ఆకుల అడుగుకు పోయి తలదాచుకుంటుంది. నా మడి పక్కన నాలుగు మొక్కజొన్న మొక్కలున్నాయి. పొద్దు వాలే వేళ టార్చి వేసి ఆకుల అడుగున చూస్తే అక్కడున్నాయి. గుడ్లు తయారవడానికి ఆడ ఈగకు మాంసకృత్తులు కావాలి, అందుకే పులిసిన ఈస్ట్ వాసనకు వస్తుంది. ఈస్ట్, పంచదార కలిపి పులియబెట్టిన నీళ్లను పక్కలకు కన్నాలు చేసిన సీసాలో పోసి మొక్కజొన్న మధ్య వేలాడదీశాను. ఇందులో ఆడవీ పడ్డాయి, మగవీ పడ్డాయి. వేరే ఈగలూ బోలెడు పడ్డాయి కాబట్టి రెక్కల పట్టీలు చూసి లెక్కపెట్టాలి. దీన్ని పాదు మీదే వేలాడదీయకూడదు, లేని ఈగల్ని పిలిచి పిందెల మధ్య కూర్చోబెట్టినట్టవుతుంది.

కాయలు ముదిరాక

నేల మీద పెరిగిన గుమ్మడి కాయనొకదాన్ని పక్కకు దొర్లిస్తే అడుగున గీరినట్టు గోధుమ రంగు మచ్చ, అక్కడే చిన్న కన్నం. మళ్లీ పెంకు పురుగు పిల్లే. వేళ్లతో సరిపెట్టుకోక, తడి మట్టికి ఆనిన కాయ అడుగునూ తొలుస్తుంది. మిగతా కాయలన్నిటి కిందా పలక ముక్కలు పెట్టాను. తేలిగ్గా అయ్యే ఈ పనిని కాయ పిడికెడు ఉన్నప్పుడే చేస్తే తీగ కదిలించే బాధ ఉండదు. ఎండు గడ్డి కూడా వేయొచ్చు గానీ తడిసిన గడ్డి కింద నత్తలు చేరతాయి, నాకు పలకే నచ్చింది.

లెక్క ఇలా తేలింది. జుకీనీ అన్నిటికంటే ముందు కాసింది, అన్నిటికంటే ఎక్కువ పురుగులకు లొంగింది, అన్నిటికంటే ముందు చేతులెత్తేసింది. ఈగ నుంచి సంచి కాపాడింది గానీ తెల్లదోమా వైరసూ వదల్లేదు. మామూలు గుమ్మడి మొలక దశ దాటాక దాదాపు తన కాళ్ల మీద తనే నిలబడింది. బూడిద గుమ్మడి పిందెల ఒంటి నిండా నూగు ఉన్నా ఈగకు అది అడ్డు కాలేదు. సంచి కట్టిన పిందెలు నిలిచాయి, పందిరి పైన చెయ్యి అందక వదిలేసినవి దాదాపు పోయాయి. వచ్చే విడత పందిరి ఎత్తు తగ్గిస్తాను, చెయ్యెత్తితే అందేంత చాలు.

గుమ్మడి కాయల తొడిమ ఎండి బెరడు కట్టింది, తోలులో గోరు దిగడం లేదు. వేలెడు తొడిమ ఉంచి కోశాను. తొడిమ విరిగితే ఆ గాయంలోంచే కుళ్లు దిగుతుంది. కన్నం పడ్డ కాయను వేరుగా పెట్టాను, అది నిలవకు పనికిరాదు, ముందు వాడేయాలి.

జుకీనీ, గుమ్మడి పాదులు పీకేశాను. పండ్ల తోట పక్కన కుప్ప వేయకుండా ఎండబెట్టి కాల్చేయడమే. మడి తవ్వి మట్టి తిరగేస్తున్నాను, ప్యూపాలు ఈసారి మొదట్లో కంటే తక్కువ కనిపిస్తున్నాయి. ఆ చోట తర్వాతి పంట చిక్కుడు. బూడిద గుమ్మడి మీద ఇంకా కాయలు బూడిద పట్టాల్సి ఉంది, ఆ పాదు ఉన్నంతకాలం క్యూ లూర్ బుట్టా, ఈస్ట్ సీసా అక్కడే ఉంటాయి. ఎర ముక్క పాతబడింది, రేపు మార్చాలి.